పొరుగు రాష్ట్రంలో పాత డీజిల్ లారీ కొని మన నంబరు వేయించుకోవడం: తరచూ అడిగే ప్రశ్నలు

నామక్కల్‌లోనో, హుబ్బళ్ళిలోనో, నాగపూర్‌లోనో బండి చవగ్గా ఉందని తెలియగానే డ్రైవరునో మెకానిక్కునో వెంటబెట్టుకుని బయల్దేరతారు మనవాళ్లు. ఇంజన్ శబ్దం వింటారు, టైర్లు చూస్తారు, చాసిస్‌కి వెల్డింగ్ పడిందేమో వంగి చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. కానీ పక్క రాష్ట్రపు లారీ విషయంలో కొన్నవాణ్ని ముంచేది ఎక్కువగా ఇంజన్ కాదు, కాగితాలు. ఇంజన్ పాడైతే మెకానిక్ బాగుచేస్తాడు. నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) రాని బండిని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. అందుకే ఈ ప్రశ్నలకు 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ఆధారంగా జవాబులు రాస్తున్నాను. ఫీజులు, పన్ను శ్లాబులు తరచూ మారతాయి కాబట్టి వాటిని కట్టే రోజున రవాణా శాఖ పోర్టల్‌లో చూసుకోండి.

ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుందంటారు. మరి మళ్లీ మన దగ్గర ఎందుకు?

చెల్లుతుంది. చట్టంలోని 46వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కానీ ఆ పక్కనే 47వ సెక్షన్ ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త రాష్ట్రపు నంబరు కోసం దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఏడాది గడిచాక దరఖాస్తుకు 30 రోజులు ఇచ్చారు.

చాలామంది తికమకపడేది ఇక్కడే. నంబరు మార్చుకోవడానికి ఏడాది గడువుందంటే పేరు మార్చుకోవడానికీ ఏడాది ఉందనుకుంటారు. అవి రెండూ వేరు. యజమాని మారిన సంగతి 50వ సెక్షన్ కిందికి వస్తుంది. కొన్నవాడు 30 రోజుల్లో తాను ఉండే ప్రాంతపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. అమ్మినవాడు, కొనేవాడిది వేరే రాష్ట్రమైతే, 45 రోజుల్లో ఎన్‌వోసీ అందేలా చూడాలి. అంటే పక్క రాష్ట్రంలో కొన్న లారీకి అసలు గడువు నెల, నెలన్నర. ఏడాది కాదు.

బేరం ఆడేముందు అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

బండి వయసు. మెకానిక్ చెప్పే వయసు కాదు, ఆర్సీలో మొట్టమొదటి రిజిస్ట్రేషన్ తేదీ.

నేషనల్ పర్మిట్‌కు నిబంధనల్లో వయసు హద్దు ఉంది. రెండు యాక్సిళ్ల బండికి, అంటే మనం ఆరు టైర్ల లారీ అనేదానికి, 12 ఏళ్లు దాటాక నేషనల్ పర్మిట్ ఇవ్వరు. రెండుకు మించి యాక్సిళ్లున్న పది టైర్లు, పన్నెండు టైర్లు, ఆపై బండ్లకు ఆ హద్దు 15 ఏళ్లు. ఈ లెక్క మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచే మొదలవుతుంది. రాష్ట్రం మారినా, ఓనరు మారినా, కొత్త నంబరు వచ్చినా మళ్లీ మొదటికి రాదు.

దీన్ని డబ్బుల్లోకి మార్చి చూడండి. 2015 మార్చిలో రిజిస్టరైన ఆరు టైర్ల లారీకి 2027 మార్చితో నేషనల్ పర్మిట్ బతుకు ముగుస్తుంది. ఇంజన్ ఎంత గట్టిగా ఉన్నా ఆ తర్వాత అది ఉల్లి లోడుతో నాసిక్ నుంచి రాలేదు, కర్నూలు బండలతో చెన్నై పోలేదు. రాష్ట్రం లోపలి పర్మిట్‌తో ఇసుకకో, కంకరకో, ధాన్యానికో తిరగాలి. ఆ కిరాయిలతో మీ కిస్తీ గడుస్తుందా? గడుస్తుందనుకుంటే కొనండి. నాలుగేళ్ల కిస్తీ పెట్టుకుని రెండేళ్ల నేషనల్ పర్మిట్ మిగిలిన బండి కొంటే మాత్రం చివరి రెండేళ్లు బండి సంపాదన ఒక దారి, అప్పు ఒక దారి అవుతాయి. బ్రోకరు ఈ లెక్క చెప్పడు. అడిగితే తప్ప ఫైనాన్సరూ చెప్పడు.

బండి బరువు, సరుకు బరువు కలిపి 3,000 కిలోలు దాటని చిన్న బండ్లకు పర్మిట్టే అక్కర్లేదు. వాటికి ఈ గొడవ లేదు.

అమ్మేవాడు చూపించిన ఆర్సీ నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు కొంత మరుగున ఉన్నా బండి రకం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ), ఇన్సూరెన్స్, పన్ను గడువులు, ఫైనాన్స్ ఉందా లేదా కనిపిస్తాయి. తెలంగాణ చాలా ఏళ్లు వాహన్ వెలుపల తన సొంత వ్యవస్థతో నడిచింది కనుక అక్కడి పాత బండ్ల వివరాలకు ఆ రాష్ట్ర రవాణా శాఖ సైట్ కూడా చూడాలి. ఈ-చలాన్ పోర్టల్‌లో పెండింగ్ చలాన్లు చూడండి. దొంగిలించిన బండి కాదని తెలుసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే సేవలో ఇంజన్, చాసిస్ నంబర్లతో వెతకవచ్చు.

తర్వాత బండి దగ్గరికి వెళ్లి చాసిస్ మీద చెక్కిన నంబరుకు పెన్సిల్ ప్రింట్ తీసి ఆర్సీతో ఒక్కో అక్షరం పోల్చండి. గ్రైండింగ్ చేసిన గుర్తులున్నా, అక్షరాల వరస తప్పినా ఆ బండిని వదిలేయండి. ఆ నంబరుతో తయారీ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు రాసి తయారైన నెల, ఏ భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య ప్రమాణపు ఇంజన్ అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఈ చివరి పని అనవసరమనిపిస్తే తాడిపత్రి కేసు గుర్తుచేసుకోండి. బీఎస్-3 వాహనాలను 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదని ఆ ఏడాది మార్చి 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. అమ్ముడుపోని బీఎస్-3 లారీలను తుక్కు కింద కొని, బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, అక్కడి ఎన్‌వోసీతో ఆంధ్రకు తెచ్చారన్న ఆరోపణ మీద 2020లో అనంతపురం జిల్లాలో కేసులు నమోదయ్యాయి. వందకు పైగా లారీల మాట అది. ఆ కేసుల్లో ఎవరి తప్పెంతో తేల్చాల్సింది కోర్టులు. మనం నేర్వాల్సింది వేరే ఉంది. ఆర్సీ ఉంది, ఎన్‌వోసీ ఉంది, ఆర్టీవో ఆఫీసులో నంబరు కూడా వచ్చింది. అయినా బండి నిలవలేదు. తప్పుడు పత్రాలతో వచ్చిన రిజిస్ట్రేషన్‌ను యజమాని వాదన విన్నాక రద్దుచేసే అధికారం 55వ సెక్షన్ ఇస్తుంది. చేతులు మారాక కొన్నవాడికి తెలియదన్నంత మాత్రాన అది ఆగదు.

ఎన్‌వోసీ ఎవరు తీసుకోవాలి? నెలలు పడుతుందంటున్నారు.

ఆర్సీలో పేరున్న యజమాని తన ఆర్టీవో దగ్గర ఫారం 28లో దరఖాస్తు చేయాలి. మీరు చేయలేరు. అధికారి చూసేవి రెండు: బండి దొంగతనం కేసు ఏదీ లేదని పోలీసు రిపోర్టు, రోడ్డు పన్నుతో సహా ప్రభుత్వానికి రావాల్సినవన్నీ వచ్చాయా అన్నది. రవాణా వాహనం కాబట్టి పర్మిట్ సరెండర్ చేసిన కాగితం, చెల్లుబాటులో ఉన్న ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. చలాన్లు పెండింగులో ఉంటే ఫైలు కదలదు.

నెలలు పట్టనక్కర్లేదు, చట్టం పట్టనివ్వలేదు కూడా. 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో ఇస్తున్నామనో, ఇవ్వడం లేదనో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే కారణం రాయాలి. ఆ 30 రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క. అలాంటప్పుడు దరఖాస్తు అందినట్టు ఆఫీసు ఇచ్చిన రసీదు, తిరస్కరణ ఏదీ తనకు అందలేదని అమ్మినవాడి ధ్రువీకరణ కలిపి మన దగ్గర దాఖలు చేయవచ్చని 50వ సెక్షనే చెబుతోంది. ఈ హక్కు గురించి తెలిసినవాళ్లు తక్కువ, వాడుకున్నవాళ్లు మరీ తక్కువ. కౌంటర్లో దీన్ని నెగ్గించుకోవడం తేలికని చెప్పను. కానీ ఆ రసీదు మీ చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారుతుంది. దరఖాస్తు రోజున రసీదు నకలు అడిగి తీసుకోండి.

ఓనరు 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేశాడు. ఇక తీరిగ్గా చేయించుకుంటే పోదా?

పోదు. మన దగ్గర ఎక్కువ అనర్థాలు ఈ సంతకాల కాగితాలతోనే జరుగుతున్నాయి. తేదీ లేని, కొనేవాడి పేరు లేని ఫారాలు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పోతుంటాయి. ముగ్గురు మారినా ఆర్సీలో మాత్రం మొదటివాడే ఉంటాడు.

నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీని మీద తేటతెల్లంగా చెప్పింది. బండి పలు చేతులు మారింది, ఆర్సీలో పేరు మారలేదు, ప్రమాదం జరిగింది. నష్టపరిహారం ఎవరివ్వాలి? రిజిస్టర్లో ఎవరి పేరుందో వారే యజమాని, బాధ్యత వారిదేనని తీర్పు. కాబట్టి అమ్మేవాడికి మీకంటే ఎక్కువ భయం ఉండాలి. ఈ తీర్పు సంగతి అతనికి చెప్పండి. ఎన్‌వోసీ తీయడంలో బద్ధకం వదలడానికి అంతకు మించిన మాట లేదు.

మీ వైపు నష్టం వేరు. బండి ఇంకా అతని పేరునే ఉంటే అతని అప్పులవాళ్లు జప్తు అడగొచ్చు. అతను చనిపోతే వారసులు మళ్లీ సంతకాలు పెట్టాలి, ఫారం 31తో మొదలుపెట్టాలి. బండి మీద మీకు అప్పు పుట్టదు. బండి ఏ స్టేషన్లో పట్టుబడినా విడిపించుకునే హక్కు ముందు అతనిదే.

బండి మీద ఫైనాన్స్ ఉంది. కట్టేస్తాం అంటున్నారు.

కట్టాక రండి అని చెప్పండి. అప్పు తీరాక ఫైనాన్స్ సంస్థ ఫారం 35 మీద సంతకం చేసి లేఖ ఇస్తుంది. దాంతో ఆర్సీలో హైపోథెకేషన్ కొట్టేయించాలి. మనవాళ్ల మాటలో హెచ్‌పీ కట్. అది కాకుండా ఎన్‌వోసీ రాదు. మీ డబ్బుతోనే అతని అప్పు తీరాలంటే ఆ మొత్తాన్ని ఓనరుకు కాకుండా నేరుగా అతని లోన్ ఖాతాకే పంపండి.

ఫైనాన్సర్ల యార్డులో, కిస్తీలు కట్టక లాక్కొచ్చిన బండి కొంటుంటే ఇంకో ప్రశ్న అడగాలి. ఆర్సీ ఎవరి పేర ఉంది? అప్పు ఎగ్గొట్టినవాడు సంతకం పెట్టడు. అందుకని ఫైనాన్సరు ముందు ఫారం 36తో తన పేర కొత్త ఆర్సీ తెచ్చుకుని ఆ తర్వాత మీకు అమ్మాలి. వేలంలో కొట్టాం, రసీదు ఇస్తాం, మిగతాది మీరు చూసుకోండి అంటే ఆ మిగతాదే అసలు పని అని గుర్తుంచుకోండి.

పర్మిట్ కూడా బండితోపాటే వస్తుందా?

రాదు. పర్మిట్ మనిషికి ఇచ్చేది. రవాణా అధికారి అనుమతి లేకుండా మరొకరికి మారదని 82వ సెక్షన్ చెబుతోంది. రాష్ట్రం దాటే అమ్మకంలో పాత పర్మిట్‌ను అక్కడే సరెండర్ చేసి, ఇక్కడ కొత్త నంబరు వచ్చాక కొత్త పర్మిట్ తీసుకోవాలి. నేషనల్ పర్మిట్‌కు దేశమంతటికీ కలిపి ఏడాదికి ఉమ్మడి రుసుము 16,500 రూపాయలు, దానికి తోడు సొంత రాష్ట్రానికి అధికార పత్రం రుసుము ఉంటాయి.

అంటే పాత పర్మిట్ పోయిన రోజు నుంచి కొత్త పర్మిట్ వచ్చేదాకా బండి కిరాయికి పోకూడదు. ఈ వారాలకు కిస్తీ ఎలా కడతారో బేరానికి ముందే లెక్కేసుకోండి. ఒక్క ట్రిప్పే కదా అని లోడు ఎత్తితే 192-ఎ సెక్షన్ కింద మొదటిసారికే పది వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉన్నాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం రోడ్డు మీద ఉంది. పర్మిట్ లేని లారీ మనిషిని గుద్దితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు చెల్లించినా ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని అమృత్ పాల్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క ప్రమాదంతో లారీ, ఇల్లు రెండూ పోయే మాట ఇది.

మరి బండిని ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

వీలైతే పాత పర్మిట్, పన్ను, ఇన్సూరెన్స్ బతికుండగానే, సరెండర్‌కు ముందు, ఖాళీగా తెచ్చుకోండి. అమ్మేవాడు ఒప్పుకోడు, సరెండర్ అయ్యాకే ఇస్తానంటాడు అనుకుంటే 87వ సెక్షన్ కింద తాత్కాలిక పర్మిట్ అడగాలి. బండి అప్పగించిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం క్యాబిన్లో ఉండాలి. దారిలో పడే చలానా ఎవరిదన్న గొడవ దాంతో తీరుతుంది.

ఇన్సూరెన్స్ పాత ఓనరు పేర ఉంది. చెల్లుతుందా?

సగం చెల్లుతుంది. అమ్మకంతోపాటు థర్డ్ పార్టీ రక్షణ కొన్నవాడికి దఖలు పడినట్టే అని 157వ సెక్షన్. మీ బండికే దెబ్బ తగిలితే వచ్చే ఓన్ డ్యామేజీ మాత్రం పాలసీలో మీ పేరు ఎక్కకపోతే రాదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాల్సి ఉంటుంది.

మన ఆర్టీవో ఆఫీసులో ఏమేం జరుగుతాయి?

2019 సవరణ తర్వాత మీ రాష్ట్రంలోని ఏ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరైనా రిజిస్టర్ చేయించుకోవచ్చని చట్టం చెబుతోంది. అయినా ఎన్‌వోసీలో ఏ ఆఫీసు పేరుందో అక్కడికే వెళ్లడం మంచిది. కాబట్టి ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టేటప్పుడే మీ ఆఫీసు పేరు సరిగా రాయించండి. ఆ చిన్న తప్పు దిద్దించుకోవడానికి మళ్లీ హుబ్బళ్ళి పోవాల్సి వస్తుంది.

ఫారం 27 కొత్త నంబరుకు, 29, 30 పేరు మార్పుకు. వాటికి ఎన్‌వోసీ, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, మీ చిరునామా రుజువు, పాన్, అప్పు తెచ్చి ఉంటే ఫైనాన్సరు సంతకంతో ఫారం 34 జతచేయాలి. ఇక్కడి పన్ను కట్టాలి. తర్వాత బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి, మన ఊళ్లలో అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేది ఈయన్నే. ఇంజన్, చాసిస్ నంబర్లు, బాడీ కొలతలు ఆర్సీతో పోలుస్తారు. తమిళనాడు, పంజాబ్ బాడీలు చూడ్డానికి బాగుంటాయి. కానీ సైడ్ డోర్లు ఎత్తు పెంచినా, చాసిస్ సాగదీసినా, ఆర్సీలో లేని మార్పు ఏది చేసినా 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. దాన్ని విప్పించే ఖర్చు మీ మీదే పడుతుంది కాబట్టి బేరంలోనే తగ్గించమనండి.

ఎఫ్‌సీ గురించి ఒక మాట. ఎఫ్‌సీ లేని రవాణా వాహనం చట్టం దృష్టిలో రిజిస్టరైన బండే కాదు. 56వ సెక్షన్ మాట అది. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి. వయసు పెరిగేకొద్దీ ఎఫ్‌సీ ఫీజు బాగా ఎక్కువవుతుంది. పాత బండి కొనేవాళ్లు ఈ ఖర్చును ఏటేటా వచ్చేదిగా లెక్కలో వేసుకోవాలి.

కొత్త నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు, మీ పేర కొత్త ఫాస్టాగ్ తీసుకోండి. పాత ఫాస్టాగ్‌ను అద్దం మీద నుంచి తీసేయించి అమ్మినవాడి చేత మూయించండి.

ఆంధ్రలో 2019 నుంచి జిల్లా కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే వరస వచ్చింది, ఏపీ 39తో మొదలైంది. కాబట్టి మీ జిల్లా నంబరు రాలేదని కంగారు పడొద్దు.

అక్కడ పన్ను కట్టాం, ఇక్కడ మళ్లీ కట్టాలా?

కట్టాలి. వాహన పన్ను రాష్ట్రాలది. పెద్ద సరుకు లారీలకు ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ మూడు నెలలకోసారి పన్ను, పాత బండ్లకు హరిత పన్ను అదనం. అక్కడ ముందుగా కట్టిన పన్నులో వాడుకోని కాలానికి వాపసు అడిగే వీలు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అది కట్టినవాడికి వస్తుంది, మీకు కాదు. నా సలహా, పాత త్రైమాసికం ముగిసే సమయానికి ఎన్‌వోసీ చేతికొచ్చేలా అమ్మకం పెట్టుకోండి. రెండు చోట్ల ఒకే నెలకు కట్టే బాధ తగ్గుతుంది.

ఢిల్లీ డీజిల్ బండ్లు సగం ధరకే వస్తున్నాయట. తెచ్చుకోవచ్చా?

వాటి చవకకు కారణం తెలిసిందే. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ ఆంక్ష అమలు తీరు తర్వాత కోర్టుల్లో మారుతూ వస్తోంది. ఆ భయంతోనే అక్కడివాళ్లు అమ్ముకుంటారు.

చట్టప్రకారం ఎన్‌వోసీ వస్తే ఇక్కడ రిజిస్టర్ చేయించుకోవచ్చు. అయితే డబ్బు ఇచ్చేముందు మీ ఆర్టీవోను ఆ బండి వివరాలతో రాతపూర్వకంగా అడగండి. తర్వాత పైన చెప్పిన వయసు లెక్క మళ్లీ వేయండి. పదేళ్లు నిండిన ఆరు టైర్ల లారీకి మిగిలింది రెండేళ్ల నేషనల్ పర్మిట్. ధర సగమే, కానీ బండి పనికాలం సగం కన్నా బాగా తక్కువ. నా దృష్టిలో అది చవక కాదు.

బీఎస్-4 బండి ఇప్పుడు రిజిస్టర్ అవుతుందా?

2020 మార్చి 31లోపు ఒకసారి సక్రమంగా రిజిస్టరై ఉంటే అవుతుంది. నిషేధం మొదటి రిజిస్ట్రేషన్‌కు, రాష్ట్రం మార్పుకు కాదు. బీఎస్-3కి అదే లెక్క, తేదీ 2017 మార్చి 31.

బీఎస్-4, బీఎస్-6 లారీలు కొనేటప్పుడు యూరియా బైపాస్ చేశారేమో తప్పక చూపించుకోండి. పొగలోని విషాన్ని తగ్గించే డెఫ్ ద్రావణం ఖర్చు మిగుల్చుకోవడానికి చిన్న పరికరం పెట్టి కంప్యూటర్‌ను మభ్యపెడతారు. అది చట్టవిరుద్ధం. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద పది వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు అనర్హత ఉన్నాయి. ఆ పొగ పీల్చేది మొదట ఆ క్యాబిన్లో పడుకునే డ్రైవరూ క్లీనరే.

లారీకి బీహెచ్ నంబరు తీసుకుంటే ఈ తిప్పలుండవు కదా?

రాదు. 2021లో తెచ్చిన ఆ సిరీస్ సొంత వాడకపు వాహనాలకు మాత్రమే, అదీ అర్హులైన ఉద్యోగులకే.

డీజిల్ పికప్‌ను తోటకు, ఇంటికి వాడుకోవడానికి కొంటే?

ఆర్సీలో ఏ తరగతి ఉందో చూడండి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటివి సొంత వాహనంగా తెల్ల ప్లేటుతో రిజిస్టరవుతాయి. వాటికి పర్మిట్, ఏటా ఎఫ్‌సీ ఉండవు. జీవిత పన్ను ఉంటుంది, బండి వయసును బట్టి తగ్గించి ఇక్కడ కట్టించుకుంటారు, అక్కడి పన్నుకు వాపసు అడగొచ్చు. సరుకు వాహనంగా రిజిస్టరైనదాన్ని సొంత వాడకమని చెప్పినంత మాత్రాన పసుపు ప్లేటు తెల్లగా మారదు.

హైదరాబాద్‌లో కొని గుంటూరు తెచ్చుకుంటే? మొన్నటిదాకా ఒకే రాష్ట్రమేగా.

2014 జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలు. కర్ణాటక బండికి ఏ దారో తెలంగాణ బండికీ అదే దారి: ఎన్‌వోసీ, పర్మిట్ సరెండర్, కొత్త నంబరు. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత టీఎస్ నంబరున్న బండి కొనడానికి దానివల్ల ఇబ్బంది లేదు.

డబ్బు ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. అంతకన్నా ముఖ్యం, గొడవ వస్తే మీ దగ్గర రుజువుంటుంది.

మూడు విడతలు పెట్టుకోండి. అడ్వాన్సు కొంచెం, ఒప్పందం రాసుకున్నాక. ఎన్‌వోసీ దరఖాస్తు రసీదు చూపినప్పుడు రెండోది. ఎన్‌వోసీ, పర్మిట్ సరెండర్ కాగితం, సంతకాలు చేసిన 29, 30 ఫారాలు, ఒరిజినల్ ఆర్సీ, రెండు తాళాలు చేతికొచ్చినప్పుడే చివరిది. ఫారాల మీద మీ పేరు, తేదీ మీ ముందే రాయించండి. పెద్ద మొత్తం చివరి విడతలో ఉంచండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే ఎందుకని అడగండి. కారణం సరిగా చెప్పలేనివాడి బండి కొనొద్దు.

డీలరు దగ్గర కొంటే 2025 జనవరి నుంచి పాత వాహనాల మీద జీఎస్టీ 18 శాతం. అది అమ్మిన ధర మొత్తం మీద కాదు, డీలరు మార్జిన్ మీదే. పది లక్షల బండికి లక్షా ఎనభై వేలు జీఎస్టీ అంటే బిల్లు అడిగి చూడండి.

మన ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాదంటే?

కాదన్న మాట రాసివ్వమని అడగండి. నోటిమాట మీద అప్పీలు ఉండదు. రాతపూర్వక ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. ఏజెంటు చేత నడిపించుకున్నా సరే, దరఖాస్తు నంబరు, రసీదులు, ఉత్తర్వుల నకళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఆర్సీలో పేరు మీది, అప్పీలులో సంతకమూ మీదే.